రాంఫోరింకస్ రెక్క మూడోసారీ వంగింది

డైనోసార్ల కాలంనాటి ఎగిరే సరీసృపం రాంఫోరింకస్‌కు నేను చేస్తున్న నమూనాలో, నిన్న రాత్రి నిటారుగా ఉన్న ఎడమ రెక్కవేలు (రెక్కపొరను మోసే పొడవాటి వేలు), ఈ ఉదయం చూసేసరికి కొన దగ్గర 31 మిల్లీమీటర్లు ఒంటివైపు వంగిపోయి ఉంది. మూడోసారీ ఇలాగే జరగడంతో ప్రాణం ఉసూరుమంది. తల, ముందుకు పొడుచుకొచ్చిన 34 పళ్లు, తోక చివరి ఆకులాంటి పొర ఇప్పటికే పూర్తయ్యాయి. రెక్కలు చాచితే 90 సెంటీమీటర్లుండే ఈ నమూనాకు ఇక రెక్కపొర ఒక్కటే మిగిలింది.

ఈసారి 1.6 మిల్లీమీటర్ల ఇత్తడి తీగకు బదులు 2 మిల్లీమీటర్లది వాడాను. వేలి పొడవు 29 సెంటీమీటర్లు. అందులోని నాలుగు ఎముకల కీళ్లనూ ఎం-సీల్‌తో బిగించాను, ఈ పనికి అంతకన్నా ఖరీదైన ముద్దలేవీ నాకు నచ్చలేదు. బేగంబజారులో కొన్న రబ్బరు పాలను రెండేసి గంటల ఎడంతో నాలుగు పూతలు పూశాను. కీళ్లు చెక్కుచెదరలేదు, తీగే వంగింది. మణికట్టు దగ్గర పొర, చల్లారిన పాల మీది మీగడలా సన్నగా ముడతలు పడి వేలి కిందికి ముడుచుకుపోయింది.

మొదట ఈ ముసురును అనుమానించాను. కానీ గాజుపలక మీద రబ్బరు పాలతో 200 మిల్లీమీటర్ల పట్టీ పోసి, ఒక రోజంతా ఫ్యాను కింద ఆరబెట్టి, ఊడదీసి కొలిస్తే 188 వచ్చింది. అంటే 6 శాతం కుదింపు. ఆ లెక్కన వేలి పొడవునా 17 మిల్లీమీటర్లు తగ్గవలసిన పొర, తగ్గే చోటు లేక కొనను లాగి ఉంటుంది.

జర్మనీలోని సోల్న్‌హోఫెన్ సున్నపురాతిలో దొరికిన, 1882లో శిలాజ శాస్త్రవేత్త జిట్టెల్ వర్ణించిన రాంఫోరింకస్ రెక్కలో సన్నని నారలు పక్కపక్కనే, కొన దగ్గర వేలికి దాదాపు సమాంతరంగా సాగి కనిపిస్తాయి. నేను మూడుసార్లూ వాటిని పైపైన గీతలుగా గీశానే తప్ప పొరలో పొదగలేదు. పట్టుదారం పొదిగిన పట్టీ రబ్బరుతో పాటే ముడుచుకుని 190 వచ్చింది. గాలానికి వాడే 0.4 మిల్లీమీటర్ల నైలాన్ తీగ పొదిగినది 197 దగ్గర నిలిచింది. ఆ 197 చూసి ఎంత సంతోషించానో చెప్పలేను. వచ్చే ఆదివారం 3 మిల్లీమీటర్ల ఎడంతో తీగలు పరిచి, రెండే పూతలు వేస్తాను.

ఇది కుదిరితే తర్వాతిది కాంపిలోగ్నథాయిడిస్ అనే మరో ఎగిరే సరీసృపం. మన ప్రాణహిత-గోదావరి లోయలోని ‘కోట’ అనే శిలల పొరల్లో దొరికిన దవడ ముక్కకు 1974లో ఆ ప్రజాతి కిందే పేరు పెట్టారు. హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటసారస్ అనే డైనోసార్ కూడా ఆ శిలల్లోనిదే. ఆ అస్థిపంజరం ముందు నిలబడినప్పుడల్లా దాని తల మీదుగా ఒక రెక్కల నీడ సాగిపోతున్నట్టే ఉంటుంది నాకు. నైలాన్ తీగ ఇంకో చుట్ట ఇప్పుడే కొనిపెట్టాను.