పాప మాకు బిడ్డ అయింది, మేము తనకు అమ్మానాన్నలం కావాలి

దత్తత అంటే కాగితాల తంటా అని చాలామంది భయపెట్టారు. కాగితాలు వాటి దారిన అవి నడిచాయి. దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ‘కారా’ పోర్టల్‌లో నమోదు చేసుకున్నాం. సామాజిక కార్యకర్త హనుమకొండలో మా ఇంటికి వచ్చి, అన్నీ అడిగి నివేదిక రాసుకున్నారు. ఆపైన ఏళ్ల ఎదురుచూపు. పాప వివరాలు వచ్చాక ఒప్పుకోవడానికి గడువు 48 గంటలే. మాకు అంతసేపు అవసరం పడలేదు. 2022 సెప్టెంబర్ నుంచి దత్తత ఉత్తర్వు కోర్టుకు బదులు కలెక్టరే ఇస్తున్నారు. అది చేతికి రాకముందే పాప మా ఇంటికి వచ్చింది.

అసలు పని అప్పుడు మొదలైంది.

రెండేళ్లు దాటిన పిల్ల. వచ్చీ రాగానే చుట్టాలందరి చంకా ఎక్కింది. పాలు పోసే అతను చేతులు చాపినా వెళ్లిపోయింది. ‘ఎంత కలుపుగోలు పిల్లో!’ అని అందరూ మురిసిపోయారు. ఒకరోజు వాకిట్లో పడి మోకాలు దోక్కుపోయింది. ఏడవలేదు, ఎవరి వైపూ చూడలేదు. లేచి గోడకు ఆనుకుని నిలబడింది. నా కడుపు తరుక్కుపోయింది.

పిల్లల మానసిక నిపుణురాలు విడమరిచి చెప్పారు. సాకే చేతులు తరచూ మారే చోట పెరిగిన బిడ్డ అందరినీ చూసి నవ్వుతుంది, ఎవరినీ నమ్ముకోదు. కొన్ని నెలలు తినిపించడం, స్నానం, నిద్రపుచ్చడం మీ ఇద్దరే చేయండి అన్నారు. బిడ్డకూ పెంచేవాళ్లకూ మధ్య అనుబంధాన్ని అధ్యయనం చేసిన జాన్ బౌల్బీ, మేరీ ఐన్స్‌వర్త్ పరిశోధనల సారమూ ఇదేనట: ఒకరిద్దరు తనవాళ్లుగా స్థిరపడితే, ఆ ధైర్యంతోనే బిడ్డ నలుగురిలోకి వెళ్తుంది.

ఈ మాట అత్తమ్మకు చెప్పడం చాలా కష్టమైంది.

“నా మనవరాలికి నేను ముద్ద పెట్టొద్దా?”

“కొన్నాళ్లే అత్తమ్మా. ముందు మేమెవరమో తనకు తెలియాలి.”

ఆమె కళ్లనీళ్లు పెట్టుకున్నారు. అయినా మాట మీద నిలబడ్డారు. ఆ రుణం తీర్చుకోలేను.

రాత్రిళ్లు పాప దిండు కింద ఎండిన రొట్టె ముక్కలు దొరికేవి. పారేయలేదు. మంచం పక్కనే మూత తేలిగ్గా వచ్చే డబ్బాలో మరమరాలు పోసి, ఎప్పుడైనా తినొచ్చని చూపించాం. అర్ధరాత్రి లేచి, డబ్బా తడిమి చూసుకుని పడుకునేది. మెల్లగా తడమడం మానేసింది.

సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట దగ్గర ఎవరో పెద్దావిడ రమ్మని చేతులు చాపారు. పాప నా భుజంలో మొహం దాచుకుంది. ‘బిడియం నేర్చుకుంది’ అని మా ఆడపడుచు బాధపడింది. నాకైతే ఆనందంతో గొంతు పూడుకుపోయింది.

దత్తత తర్వాత రెండేళ్లపాటు ఆరు నెలలకోసారి సామాజిక కార్యకర్త వచ్చి చూస్తారు. మొన్న వచ్చినప్పుడు పాప నా వెనక నుంచే నమస్తే పెట్టింది. మధ్యాహ్నం పప్పన్నం మాత్రం ఇప్పుడు నానమ్మ పెడితేనే తింటుంది.