పడవ తేలింది, కృష్ణ విరిగింది

మొన్న సాయంత్రం ఓ కవితల సభలో జరిగింది. చెవులు ఇంకా వేడిగానే ఉన్నాయి, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా.

కాగితం మీద పట్టని, తెర మీదే బతికే కవిత ఒకటి చేయాలని ఎప్పటినుంచో కోరిక. కోడ్ సులువుగానే దొరికింది. నిక్ మాంట్‌ఫర్ట్ అనే అమెరికా కవి 2009లో తైవాన్‌లోని టరోకో లోయ మీద, ఇచ్చిన మాటల్ని ఏరి కొత్త పాదాలు తనే అల్లుకుంటూ ఆగకుండా సాగే కవిత ఒకటి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసి, తర్వాత బ్రౌజర్లో నడిచే జావాస్క్రిప్ట్‌లోకి మార్చాడు. అందులో మాటలు మార్చుకుని చాలామంది సొంత కవితలు చేసుకున్నారు. నేనూ లోయ తీసేసి ప్రకాశం బ్యారేజీ పెట్టాను.

పెట్టగానే 'నీరులో పడవ', 'ఏరులో చంద్రుడు' అని వచ్చింది. మనకు నీరు నీటిగా, ఏరు ఏటిగా మారాలి కదా. బళ్లో నిద్రపోతూ విన్న ఔపవిభక్తికాలు ఇక్కడ పట్టుకున్నాయి. ప్రతి మాటకూ రెండు రూపాలు రాసుకున్నా, ఆదివారం అయిపోయింది.

అక్కడితో ఆగొచ్చుగా! సభ ముందురోజు రాత్రి బుద్ధి గడ్డి తిని, అక్షరాలు ఒక్కొక్కటీ పైనుంచి రాలేలా చేశా. 'పడవ' అని కొట్టి చూశా. ప, డ, వ... ముచ్చటగా రాలాయి. హాయిగా పడుకున్నా.

సభలో తెర వెలిగింది. మొదటి మాట 'కృష్ణ'. ముందు 'క' పడింది. తర్వాత చుక్కల సున్నా ఒకటి, దానికి వేలాడుతూ వట్రుసుడి. తర్వాత 'ష'. మళ్లీ చుక్కల సున్నా, నెత్తిన పొల్లు. చివర్లో 'ణ'. ముందు వరసలో ఉన్న రిటైర్డ్ లెక్చరర్ గారు కళ్లజోడు సర్దుకుని, "బాబూ, కృష్ణకు ఒత్తు ఎక్కడ పోయింది?" అన్నారు. హాలంతా ఒకటే నవ్వు. ఆపుదామంటే కవిత ఆగదు, ఆగకుండా సాగడమే దాని గొప్ప! ప్లగ్ పీకాల్సి వచ్చింది.

ఇంటికొచ్చాక తెలిసింది. మనకు 'కృష్ణ' రెండక్షరాలు, కంప్యూటర్లు అక్షరాలను దాచుకునే పద్ధతి యూనికోడ్‌కు అయిదు ముక్కలు. 'పడవ'లో గుణింతమూ ఒత్తూ లేవు కాబట్టి నన్ను మోసం చేసింది. అక్షరాలుగా విడగొట్టడానికి బ్రౌజర్లో సెగ్మెంటర్ అని ఒకటుంది. దాన్ని పెడితే ఇంట్లో బాగానే వచ్చింది, నిర్వాహకుల పాత లాప్‌టాప్‌లో మాత్రం 'కృ', 'ష్', 'ణ' అని మూడయ్యాయి. ఒత్తును విడదీయకూడదన్న నియమం 2023లో యూనికోడ్ 15.1తో గానీ రాలేదట. చివరికి పొల్లు తర్వాత హల్లు వస్తే కలిపి ఉంచమని నేనే అయిదు లైన్లు రాసుకున్నా. పనిచేస్తోంది. 2018 ఫిబ్రవరిలో మన 'జ్ఞా'కు కంటికి కనపడని గుర్తొకటి తగిలించి పంపితే ఐఫోన్లలో మెసేజ్ యాప్‌లే కూలిపోయాయి. అంత పెద్ద కంపెనీకే చేతకాలేదు, నేనెంత?

మీరు చేసేటట్టయితే 'జ్యోత్స్న'తో పరీక్షించండి. రెండక్షరాలు, తొమ్మిది ముక్కలు. ఎవరి లాప్‌టాప్‌నూ నమ్మకండి, మీదే మోసుకెళ్లండి.

పొద్దున నిర్వాహకులు ఫోన్ చేశారు. సంచికలో వేస్తారట, కవిత అచ్చుకు పేజీలు కట్టే పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్‌లో పంపమన్నారు. అది ప్రతిసారీ మారుతుంది కదండీ, ఏది పంపమంటారు అని అడిగా.

"కరెక్షన్లన్నీ అయిపోయింది పంపండి," అన్నారు.