చావని హీరోలు, పకోడీ చేతులు

బావ అన్న ఒక్క మాట నిద్ర పట్టనివ్వడం లేదు. "చావే లేనప్పుడు ఇంక టెన్షన్ ఎక్కడేడిచిందిరా?" అన్నాడు. అదీ ఎప్పుడు? మా ఆటలో, మోంటేన్ అనే ఊహా దేశపు రాజభవనంలో నేను షాండిలియర్ పట్టుకుని ఊగి సిపాయిల మీదికి దూకుతుంటే!

సెవెంత్ సీ ఆటే అంత కదా, బల్ల చుట్టూ కూర్చుని తలా ఓ హీరో వేషం కట్టి కథ నడిపించుకోవడం. గుప్పెడు పదిముఖాల పాచికలు వేసి, మొత్తం పదికి తగ్గకుండా వాటిని జతలు కట్టుకోవాలి. జతకో సాహసం. చేసేదేదో కాస్త రంగులద్ది చెబితే ఇంకో పాచిక అదనం. బావకి అదొద్దు. "పొడిచా" అంటాడు, బ్యాంకులో చలానా నింపినట్టు. పైగా 1999 నాటి పాత ఎడిషనే నయమట, పాచికల మొత్తం దాటాల్సిన అంకె ఒకటుండేదట. 2016లో వచ్చిన ఈ రెండోది కబుర్లరాయుళ్ళ కోసం రాశారట. నాలుగు పెద్ద దెబ్బలు తగిలినా హీరో కూలబడతాడే గాని చావడు, విలన్ పనిగట్టుకుని చంపబోతే తప్ప. బావ ఏడుపంతా అక్కడే.

అమ్మమ్మగారి ఊళ్ళో టూరింగ్ టాకీసు గుర్తొచ్చింది. నేల టికెట్టు, ఇసుకలో బొరియ చేసుకుని కూర్చోవడం. మెట్ల మీద వెనక్కి జరుగుతూ కాంతారావు కత్తి జారవిడిచాడు, రాజనాల నవ్వాడు, సరిగ్గా అప్పుడే రీలు అయిపోయింది. లైట్లేశారు. నా వెనక చుట్ట కాలుస్తున్న తాత ఆ బొమ్మ ముందే చూసినవాడు. అయినా ఖాళీ తెర వైపు చెయ్యూపుతూ "కత్తందుకోరా నాయనా, నీ ఎడం పక్కనే ఉంది!" అని ఒకటే కేకలు. కాంతారావు పోతాడని ఆ డేరాలో ఎవరనుకున్నారు?

కాబట్టి బావది తప్పు... అని లైటార్పాను. మళ్ళీ లేచాను. తాత అరిచింది చేతిలో కత్తి లేదనే కదా! మా ఆటలో నా కత్తి ఇంతవరకూ ఊడిందే లేదు. ఆట నడిపే చిన్నోడి దగ్గర, హీరోల్ని ఇరకాటంలో పెట్టడానికి వాడే డేంజర్ పాయింట్లు గుట్టలు పడున్నాయి, అక్క మొగుడినని మొహమాటపడి ఖర్చు పెట్టడు. వచ్చే ఆదివారం నా కత్తి లాగెయ్యమని ఇప్పుడే మెసేజ్ పెట్టాను. బావకి మాత్రం చెప్పొద్దన్నాను.

ఇంకోటి. పకోడీ చేత్తో పాచికలు ముట్టుకోవద్దంటే వినడు బావ మహానుభావుడు. ఎనిమిది నడుముకి శనగపిండి అంటుకుని సున్నాలా కనబడింది. సున్నా అంటే పది. జత కూడా అక్కర్లేదు! దాంతోనే నన్ను దాటి తలుపు దాకా వెళ్ళిపోయాడు.