దారి చూపింది రోబో, ఊపిరి పట్టింది మా కాక

మా కాకకు ఊపిరితిత్తిలో గడ్డకు రోబోతో వైద్యం చేశారని తెలిసినప్పటి నుంచి మర్రిగూడలో నన్ను అడగనివాళ్లు లేరు. "మనిషి చెయ్యి పెట్టకుండనే కోసిందంట గద?" అని ఒకరు, "డాక్టరు పక్క రూములో కూసొని బటన్లు నొక్కుతడట" అని ఇంకొకరు. అసలు కోతే లేదు. జరిగింది గడ్డలోకి సూది దించి వేడితో కాల్చే వైద్యం, ఆ సూది గుచ్చింది కూడా డాక్టరమ్మే. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నా.

కాకది ఫ్లోరైడ్ నీళ్లు తాగిన తరం. కృష్ణా నీళ్లు నల్లాల్లోకి వచ్చేసరికే నడుము వంగి బిగుసుకుపోయింది, మెడ తిరగదు, చేతులు భుజం దాటి పైకి లేవవు. దానికి తోడు బీడీ. దగ్గు తగ్గకపోతే అందరం టీబీ అనుకున్నాం. తెమడ పరీక్షలో టీబీ లేదని వచ్చింది. నల్లగొండలో సీటీ స్కాన్ తీస్తే కుడి ఊపిరితిత్తి కింది భాగంలో, వీపు వైపు, రెండు సెంటీమీటర్ల గడ్డ. హైదరాబాద్‌లో ముక్క తీసి చూసి క్యాన్సర్ అన్నారు. పెట్ స్కాన్‌లో మరెక్కడా కనిపించలేదు.

ఇంత చిన్నగా, ఒక్కచోటే ఉంటే ఆ భాగాన్ని ఆపరేషన్ చేసి తీసేయడమే ముందు చూసే దారి. డాక్టర్లు అదే చెప్పారు. కానీ ఊదే పరీక్షలో కాక చతికిలపడ్డాడు. ఫ్లోరోసిస్ ముదిరితే పక్కటెముకల దగ్గర కూడా బిగుసుకుపోతుంది, ఛాతీ విచ్చుకోదు. ఆపరేషన్ తట్టుకోలేడన్నారు. గురిపెట్టి ఎక్కువ మోతాదులో ఇచ్చే రేడియేషన్ ఇంకో దారి. దానికి చేతులు తలపైకి పెట్టి వెల్లకిలా కదలకుండా పడుకోవాలన్నారు, అదీ పలుమార్లు. కాక వల్ల కాదు. అలా సూది దగ్గరికి వచ్చాం. మూడు సెంటీమీటర్ల లోపు గడ్డలకు ఇది బాగా పనిచేస్తుందట.

రోబో అవసరం ఎందుకు పడిందో నాకు ఆసక్తిగా అనిపించింది. గడ్డ వీపు వైపు ఉంటే మనిషిని బోర్లా పడుకోబెట్టి నిటారుగా సూది దించడం తేలిక. కాక బోర్లా పడుకోలేడు. దిండ్లు ఒత్తుగా పెట్టి ఒక పక్కకు పడుకోబెట్టారు. అప్పుడు సూది ఏటవాలుగా పోవాలి. సీటీ మనిషిని అడ్డంగా ముక్కలు ముక్కలుగా చూపిస్తుంది. సూది ఒకే ముక్కలో సాగితే కంటితో చూస్తూ నడపొచ్చు. ముక్కలు దాటుకుంటూ ఏటవాలుగా పోతే కోణం అంచనా వేయడం కష్టం, పలుమార్లు గుచ్చి తీయాల్సి వస్తుంది. గుచ్చిన ప్రతిసారీ ఊపిరితిత్తి నుంచి గాలి లీకయ్యే ప్రమాదం.

రోబో ఆ కోణం లెక్క చూసుకుంటుంది. స్కాన్ బొమ్మలు దాని కంప్యూటర్లోకి వెళ్తాయి. సూది ఎక్కడ దిగాలో, ఎక్కడ ఆగాలో డాక్టరమ్మ తెర మీద గీస్తారు. పక్కటెముక కింది అంచు వెంట రక్తనాళం, నరం ఉంటాయి కాబట్టి పై అంచు మీదుగా దారి తీస్తారు. రోబో చెయ్యి వచ్చి ఆ కోణంలో నిలబడుతుంది. దాని చివర ఉన్న గైడ్ గుండా సూదిని తోసేది డాక్టరే. ఇలాంటి రోబో ఒకటి, మాక్సియో, చెన్నైలోని పర్ఫింట్ హెల్త్‌కేర్ తయారు చేసిందని తర్వాత చదివాను. మన దగ్గర తయారైంది అంటే ఊళ్లో ఒక్కరూ నమ్మలేదు.

ఇక ఊపిరి. స్కాన్ తీసినప్పుడు ఊపిరి ఎంత వదిలి ఆపాడో, సూది దిగేటప్పుడూ అంతే వదిలి ఆపాలి. తేడా వస్తే గడ్డ కిందికో పైకో జరుగుతుంది, రోబో మాత్రం పాత చోటుకే గురి పెట్టి ఉంటుంది. అందుకే మధ్యలో మళ్లీ స్కాన్ తీసి చూసుకుంటారు. పూర్తి మత్తు ఇచ్చి చేయడమూ ఉంది కానీ, కాక ఊపిరితిత్తులు చూసి మగత వచ్చేంత మందే ఇచ్చారు. ముందు రోజు సిస్టర్ మంచం పక్కన కూర్చుని ఊపిరి వదిలించి, ఆపించి, మళ్లీ వదిలించి ప్రాక్టీస్ చేయించింది. "ఏం రోబో బిడ్డా, అసలు పనంత నాకే పెట్టిన్రు" అన్నాడు కాక. ఒక రకంగా నిజమే.

సూది చివర నుంచి మైక్రోవేవ్ పంపి గడ్డను వేడి చేస్తారు. అరవై డిగ్రీలు దాటితే కణాలు వెంటనే చచ్చిపోతాయి. గడ్డతో పాటు చుట్టూ కనీసం అర సెంటీమీటరు అంచు కూడా కాలాలి. లేకపోతే అక్కడి నుంచే మళ్లీ మొలుస్తుంది. ఈ కాల్చడం నిమిషాల పని, పడుకోబెట్టి సర్దడానికే ఎక్కువసేపు పట్టింది.

గాలి లీకు మాత్రం తప్పలేదు. సాయంత్రం ఎక్స్‌రేలో కనిపిస్తే సన్న గొట్టం వేసి ఆ గాలిని తీసేశారు. ఒక్క గుచ్చుతో పోయినా ఇది రావచ్చని ముందే చెప్పారు కాబట్టి మేము భయపడలేదు.

భయపడింది నెల తర్వాత. సీటీ రిపోర్టులో మచ్చ ముందుకంటే పెద్దగా ఉందని రాశారు. చిన్నమ్మకు ఆ రాత్రంతా టెన్షన్. గడ్డతో పాటు చుట్టూ కాలిన భాగం కూడా కనిపిస్తుంది కాబట్టి మొదట్లో పెద్దగానే ఉంటుందని, తర్వాతి స్కాన్లలో అది తగ్గుతూ రావాలని డాక్టరమ్మ చెప్పారు. ఇది ఆ రిపోర్టులోనే ఒక లైను రాస్తే ఏం పోయింది?

మూడో నెల స్కాన్‌లో కొంచెం తగ్గింది. ఇంకా చాలాకాలం చూస్తూ ఉండాలి. ఎవరింట్లోనైనా ఈ వైద్యం జరిగితే, నెల రోజులకు తీసిన స్కాన్ సీడీ పారేయకండి, తర్వాతివన్నీ దాంతోనే పోల్చి చూస్తారు. కాక బీడీ మానాడా అని నన్ను అడగకండి, చిన్నమ్మను అడగండి.