అట్టపెట్టె మంచానికి టేకు కోళ్లు

సంక్రాంతికి ముందు ఇల్లు దులిపే ఆదివారం నాడు, విజయవాడ పటమటలోని మా ఇంట్లో అమ్మ గది మంచాన్ని గోడ నుంచి ఇవతలికి లాగినప్పుడు, కాళ్లవైపు కుడి మూలన ఉన్న కోడు, అంటే మంచం కాలు, లోపలికి వాలి అలాగే ఉండిపోయింది. ఏడేళ్ల క్రితం అట్టపెట్టెల్లో విడిభాగాలుగా వచ్చి, ఒక్క ఎలెన్ కీతో గంటన్నరలో నిలబడిన మంచం అది. ఐదడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల పొడవు, 25 మిల్లీమీటర్ల మందం గల పార్టికల్ బోర్డు పట్టెలు, అదే బోర్డుకు టేకు రంగు కాగితం అంటించి చేసిన ఐదంగుళాల కోళ్లు. పరుపు తీసి, పట్టెను ఇటుకల మీదికి ఎత్తి చూస్తే నాలుగు కోళ్లకూ అడుగున బోదకాలు వచ్చినట్లుంది. రెండున్నర అంగుళాలు ఉండవలసిన చోట టేపు దాదాపు మూడు చూపించింది.

కారణం వెతుక్కోవలసిన పని లేదు. మా ఇంట్లో రోజూ తడిగుడ్డతో నేల తుడుస్తారు, ఆ నీరు కోడు అడుగున కాగితం అతకని అంచు దగ్గర నిలుస్తుంది. పార్టికల్ బోర్డు అంటే చెక్క పొట్టును జిగురుతో కలిపి వేడి మీద అదిమి చేసిన పలక కాబట్టి, ఒకసారి నీరు పీల్చి ఉబ్బితే ఆరిన తరువాత కూడా పూర్వపు మందానికి రాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు ఇదే సంగతి మా బావగారి ఇంట్లో పెద్ద ఎత్తున చూశాను. బోర్డు బీరువాలు పొరలు పొరలుగా విచ్చుకుపోగా, వాళ్ల తాతగారి నాటి టేకు బల్ల మాత్రం కడిగి నీడన ఆరబెట్టిన తరువాత మళ్లీ వాడకంలోకి వచ్చింది.

మొదట అనుకున్నది అదే కొలతకు నాలుగు కొత్త కోళ్లు కొని బిగించడమే. అయితే వాలిన కోటిని ఊడదీసి చూసిన తరువాత ఆ ఆలోచన మానుకున్నాను. ఈ మంచంలో కోటి తలకు ఉన్న బోల్టు ఒక ఇనుప రేకులోకి బిగుస్తుంది, ఆ రేకు నాలుగు పొట్టి స్క్రూలతో బోర్డుకు అంటుకొని ఉంటుంది. అంటే మంచాన్ని పక్కకు లాగిన ప్రతిసారీ కలిగే ఊపంతా చివరికి ఆ నాలుగు స్క్రూల మీదే పడుతుంది. అవి పట్టుకొని ఉన్న రంధ్రాల్లో ఇప్పుడు పొట్టు తప్ప మరేమీ లేదు. అక్కడికే కొత్త కోటిని బిగిస్తే మరో సంక్రాంతికి ఇదే పని మళ్లీ చేయాలి.

ఇంకొక అవసరమూ కలిసి వచ్చింది. మోకాళ్ల నొప్పుల వల్ల అమ్మ ఆ మంచం మీద నుంచి లేవడానికి కిటికీ ఊచ పట్టుకుంటున్నది. కొలిచి చూస్తే నేల నుంచి పరుపు పైకి 16 అంగుళాలే ఉంది, ఆమె తేలికగా లేచే హాలు కుర్చీ ఎత్తు 18 అంగుళాలు. కూర్చున్నప్పుడు పరుపు అణిగేది కూడా లెక్కలో వేసుకొని, మంచాన్ని నాలుగు అంగుళాలు ఎత్తాలని, అంటే నేలకూ పట్టెకూ మధ్య ఖాళీ ఐదు నుంచి తొమ్మిది అంగుళాలు చేయాలని నిర్ణయించాను. కోడు పొడవు పెరిగితే మంచం లాగినప్పుడు అతుకు మీద పడే మెలి కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది, ఇక్కడ దాదాపు 1.8 రెట్లు. కాబట్టి పాత రేకును నమ్ముకొనే వీలు అసలే లేదు.

మా వీధి చివర వడ్రంగం మానుకొని విశ్రాంతిగా ఉన్న పెద్దాయన ఒకరున్నారు. నా కాగితం మీది బొమ్మ చూపించి, “బాబాయ్ గారూ, మూలకు మూడు బోల్టులు చాలవా?” అని అడిగాను. ఆయన బొమ్మను కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, “బోల్టు మీద బరువు వెయ్యకు అబ్బాయ్. పట్టె వచ్చి చెక్క మీద కూర్చోవాలి. బోల్టు అది జారకుండా పట్టుకుంటే చాలు” అన్నారు. వెనుకటి నవారు మంచాల్లో పట్టె కుసి, అంటే దాని చివర సన్నగా చెక్కిన భాగం, కోటిలోకి దిగేది, బరువంతా చెక్క మీద చెక్కగానే నిలిచేది. పార్టికల్ బోర్డు అంచున కుసి తీయడం సాధ్యం కాదు కాబట్టి, కోటికే మెట్టు కోసి దాని మీద పట్టెను కూర్చోబెట్టాలని తేలింది.

ఆ ప్రకారం వేసుకున్న లెక్క ఇది. కోడు మొత్తం పొడవు 14 అంగుళాలు, మందం 75 మిల్లీమీటర్ల చదరం. పైనున్న ఐదు అంగుళాల భాగంలో పక్కపక్కనే ఉన్న రెండు ముఖాల నుంచి 25 మిల్లీమీటర్ల చొప్పున కోసివేస్తే, 50 మిల్లీమీటర్ల చదరం మిగిలి అది మంచం మూలలోకి లోపలి నుంచి వెళ్తుంది. పొడవు పట్టె, అడ్డ పట్టె రెండూ మెట్టు మీద కూర్చుంటాయి, బయటి ముఖాలు సమంగా కలుస్తాయి. పరుపును మోసే అడ్డ పలకలు (స్లాట్లు) ఆనే బద్ద మూలకు నాలుగు అంగుళాల ముందే ఆగిపోవడం నా అదృష్టం, లేకపోతే దానిని కూడా కోయవలసి వచ్చేది.

కలప కోసం పాత ఇళ్లు పడగొట్టిన సామాను అమ్మే అడితికి వెళ్లాను. పాత ద్వారబంధం నుంచి తీసిన, నాలుగు అంగుళాలకు మూడున్నర అంగుళాల మందం గల టేకు నిలువు ఒకటి ఐదడుగుల పొడవున దొరికింది. ఎప్పుడో ఆరిపోయిన కలప కాబట్టి ఇకపై మెలి తిరుగుతుందన్న భయం ఉండదు. కొనేటప్పుడు చూసుకోవలసినవి రెండు ఉన్నాయి. ఒకటి, అంచున పాలిపోయిన తెల్ల చెక్క ఎంత ఉందో చూడాలి, ఎందుకంటే టేకులో చెదను తట్టుకొనేది చేవ భాగమే. రెండు, లోపల విరిగి ఉండిపోయిన మేకులు. పాడైన స్పీకరు నుంచి తీసిన అయస్కాంతాన్ని నాలుగు ముఖాల మీదా జరిపితే మూడు చోట్ల పట్టింది. రెండు మేకులు పటకారుకు వచ్చాయి, మూడోది లోతుగా ఉండటంతో ఆ చోటు కోడు అడుగు భాగంలోకి, కోతకూ బోల్టుకూ అందకుండా వచ్చేట్లు గీతలు గీసుకున్నాను. చిత్రిక పట్టగానే నల్లటి పైపొర కింద నుంచి కొత్త టేకు వాసన వచ్చింది. ఎన్నాళ్లనాటి ఇంటిదో ఆ గుమ్మం.

మెట్టు కోయడం ఈ పని మొత్తంలో ఎక్కువ సమయం తీసుకున్న భాగం. చేతిరంపంతో గీతకు అర మిల్లీమీటరు ఇవతల కోసి, మిగిలినది ఉలితో చెక్కాను. మెట్టు మూలమట్టానికి సరిగా ఉండకపోతే పట్టె ఒక అంచు మీదే ఆని, బోర్డు అక్కడ నలిగిపోతుంది. దానిని పరీక్షించడానికి మెట్టు మీద రంగు సుద్ద రాసి, పట్టె లాంటి ఒక బోర్డు ముక్కను నొక్కి తీశాను. సుద్ద అంటిన చోటే ఎత్తు ఉన్నట్లు, అక్కడ మరొక పలుచని పొర తీయాలి. మొదటి కోటికి ఇలా ఆరుసార్లు చేయవలసి వచ్చింది, నాలుగో దానికి రెండుసార్లతో సరిపోయింది.

రెండో ఆదివారం చేసిన తప్పును వివరంగానే రాస్తాను. ఒక్కో కోటికి పొడవు పట్టె వైపు రెండు బోల్టులు, మెట్టుకు ఒకటిన్నర, మూడున్నర అంగుళాల ఎత్తులో. అడ్డ పట్టె వైపు ఒకటి, రెండున్నర అంగుళాల ఎత్తులో. అలా అయితే అవి లోపల ఒకదానికొకటి తగలవు. మెట్టు కోసినంతవరకు నాలుగు కోళ్లూ ఒకే రకం, దేనిని తిప్పి ఏ మూలలో పెట్టినా సరిపోతుంది. రంధ్రాలు వేసిన క్షణం నుంచి మాత్రం అవి రెండు కుడివి, రెండు ఎడమవి అవుతాయి. నేను ఒకే అచ్చు పెట్టుకొని నాలుగింటికీ 9 మిల్లీమీటర్ల రంధ్రాలు ఒకే తీరుగా వేసేసి, రెండో మూల దగ్గర పెట్టి చూసేసరికి గానీ సంగతి తెలుసుకోలేదు. తప్పు రంధ్రాల్లోకి మిగిలిన టేకు ముక్క నుంచి చెక్కిన గుండ్రని పుల్లలను ఫెవికాల్ రాసి దింపి, రాత్రంతా ఆరనిచ్చి, మరునాడు సరైన ముఖాన మళ్లీ వేశాను. కొత్త రంధ్రం పాతదానిని అడ్డంగా దాటుతుంది కాబట్టి పుల్ల కొట్టకుండా వేస్తే చెక్క అక్కడ చీలవచ్చు. మరొకసారి చేస్తే, డ్రిల్లు పట్టుకొనే ముందే ప్రతి కోటి తలమీద అది ఏ మూలదో పెన్సిలుతో రాసుకుంటాను.

బోల్టులు ఆటోనగర్‌లో తెచ్చాను. 8 మిల్లీమీటర్ల మందం, 90 పొడవు. బోర్డు 25, చెక్క 50, ఆపైన రెండు వెడల్పాటి వాషర్లు, నైలాన్ వలయం ఉన్న నట్టు కలిపితే ఆ పొడవు సరిగ్గా సరిపోతుంది. పట్టెకు రంధ్రం వేసేటప్పుడు బయటి వైపు కాగితం టేపు అతికించి, లోపలి వైపు పనికిరాని చెక్కను గట్టిగా ఆనించి పట్టుకుంటే పైపొర పెచ్చులు లేవదు.

మంచం మధ్య దూలానికి కావలసిన రెండు సర్దుబాటు ఇనుప కాళ్లు వన్‌టౌన్‌లో కొన్నాను. అవి మూడు చుట్లు తిరిగి బిగుసుకుపోయాయి. బలవంతం చేయకుండా పాత కాలి మరను స్కేలు మీద పెట్టి చూస్తే పది మరలు 12.5 మిల్లీమీటర్లు వచ్చాయి, కొత్తదానికి 14 దాటింది. పాతది 8 మిల్లీమీటర్ల మెట్రిక్ మర, కొత్తది అంగుళాల లెక్కలో ఐదు పదహారో వంతు. మందం ఇంచుమించు ఒకటే కాబట్టి కంటికి తేడా తెలియదు. పాత కాలిని వెంట తీసుకుపోయి ఉంటే ఈ రెండో ప్రయాణం తప్పేది.

కోటి అడుగు భాగానికి వార్నిష్ మూడు పూతలు వేశాను. నిలువు చార చివర నీటిని ఎక్కువగా పీల్చుకుంటుంది, అందువల్ల పక్క ముఖాలకు రెండు పూతలు చాలినా అడుగుకు ఇంకొకటి అవసరం. దాని కింద ఐదు మిల్లీమీటర్ల నైలాన్ బిళ్ల కొట్టాను, తుడిచిన నీరు ఇకపై చెక్కకు తగలదు. ఊడదీసిన బోదకాళ్లను భోగి మంటకు ఇమ్మని పక్కింటి పిల్లలు వచ్చి అడిగారు. ఆ బోర్డు జిగురులో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది, పిల్లలు చుట్టూ చేరే మంటలో వేయదగినది కాదని చెప్పి, అడితి నుంచి వచ్చిన టేకు పేళ్లు ఇచ్చి పంపాను.

కనుమ తరువాతి ఆదివారం కూర్పు. ఒక్కొక్క మూలనే నాలుగేసి అంగుళాలు ఎత్తుకుంటూ పోతే చట్రం మెలిపడి పట్టెల అతుకులు చీలుతాయి. అందుచేత మంచాన్ని పూర్తిగా విడదీసి, నేల మీద దుప్పటి పరిచి, తలకిందులుగా కూర్చి, కోళ్లు ఆకాశం వైపు ఉండగా బోల్టులు బిగించాను. వాషరు బోర్డుకు తాకిన తరువాత అర చుట్టు చాలు, అంతకు మించితే బోర్డు నలుగుతుంది. తిప్పడానికి నలుగురం కావలసి వచ్చింది. రెండు కోళ్ల మీద మోపి దొర్లించకుండా, పూర్తిగా పైకెత్తి గాలిలోనే తిప్పి దించాలి.

దించిన తరువాత రసమట్టం పెడితే తలవైపు ఎడమ మూల నాలుగు మిల్లీమీటర్లు పల్లంగా ఉంది. కోళ్లను మళ్లీ కొలిస్తే అన్నీ సమానమే, తేడా నేలది. స్నానాల గది వైపు టైల్స్ వాలు ఉంది. ఆ ఒక్క కోటి కింద మరొక నైలాన్ పలక చేర్చాను. మధ్య కాళ్లను చివర సర్దాలి, మంచం మీద ఎవరూ లేనప్పుడు నేలకు తాకేంతవరకే తిప్పాలి. అంతకన్నా పైకి లేపితే దూలం మూలలను ఎత్తివేసి మంచం ఊగుతుంది.

ఖర్చు: టేకు 850 రూపాయలు, బోల్టులు, నట్లు, వాషర్లు 240, మధ్య కాళ్లు 360, వార్నిష్ 210, నైలాన్ బిళ్లలు 60, మొత్తం 1,720.

వారం తరువాత బోల్టులన్నీ మళ్లీ చూశాను. పన్నెండింటిలో రెండు మాత్రమే పావు చుట్టు తిరిగాయి. పరుపు ఎత్తు ఇప్పుడు 20 అంగుళాలు, అమ్మ కూర్చుంటే 18కి కొంచెం పైన నిలుస్తున్నది, కిటికీ ఊచ అవసరం పడటం లేదు. చీపురు దూరుతుందని నేను సంబరపడిన తొమ్మిది అంగుళాల ఖాళీలోకి ఎనిమిదిన్నర అంగుళాల ఎత్తున్న పాత ట్రంకు పెట్టె రెండో రోజే చేరిపోయింది. మధ్య కాలిని సర్దాలంటే ఇప్పుడు ముందు దానిని బయటికి లాగాలి.