తెర లేని టేబుల్: మా డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట ఎంతవరకు వచ్చింది

డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో ఆటగాళ్ళు ఒక్కో పాత్రను నడుపుతారు, కథనూ శత్రువులనూ గేమ్ మాస్టర్ నడుపుతారు, ఏ దెబ్బ తగిలిందో పాచికలు తేలుస్తాయి. విడతలుగా సాగే ఈ కథలో, అంటే క్యాంపెయిన్‌లో, గేమ్ మాస్టర్‌గా నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: పాచిక పడ్డాక దాన్ని మార్చను. అందుకే గేమ్ మాస్టర్ తన పాచికలు కనబడకుండా అడ్డం పెట్టుకునే అట్ట తెర అలమరలోనే ఉంది. నా పాచికలన్నీ అందరి కళ్ళ ముందే, టేబుల్ మధ్యనున్న పళ్ళెంలో పడతాయి. 2014 నాటి ఐదో ఎడిషన్ నియమాలు, నలుగురు ఆటగాళ్ళు, ఆదివారం మధ్యాహ్నాలు. మొదటి స్థాయిలో మొదలుపెట్టి ఇప్పుడు మూడో స్థాయి చివరికి వచ్చాం.

తెర వెనుక ఫలితాన్ని మార్చడాన్ని ఈ ఆటలో ‘ఫడ్జింగ్’ అంటారు. దానికి ఆటలోనే ఆమోదం ఉంది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌ల ఆట 1974లో వచ్చింది. 1979లో గైగాక్స్ రాసిన మార్గదర్శి పాచికను తోసిపుచ్చే హక్కు గేమ్ మాస్టర్‌కు ఇచ్చేసింది. 2014 మార్గదర్శి ఉదాహరణతో సహా చెప్పింది: వరసగా రెండు క్రిటికల్ దెబ్బలు (ఇరవై ముఖాల పాచిక మీద ఇరవై పడితే తగిలేవి, వాటికి దెబ్బ పాచికలు రెట్టింపు) ఒక పాత్రను చంపేలా ఉంటే రెండోదాన్ని మామూలు దెబ్బగా మార్చవచ్చు, కానీ తరచూ వద్దు, మారుస్తున్నట్టు తెలియనివ్వవద్దు. నా అభ్యంతరం ఆ చివరి మాట మీదే. ఆటగాళ్ళ మీద దయ చూపాలంటే నాకూ ఇష్టమే. ఆ దయను వాళ్ళ దగ్గరే దాచాలంటేనే ఒప్పుకోలేను. ఒకప్పుడు నేను ఆటగాళ్ళలో ఒకరిగా ఉన్న క్యాంపెయిన్‌లో, ఆఖరి దెబ్బతో గెలిచామని పొంగిపోయిన పోరాటాన్ని గేమ్ మాస్టర్ తనకు నచ్చిన చోట ముగించాడని తర్వాత తెలిసింది. అంతకుముందు గెలిచినవాటి మీద కూడా నమ్మకం పోయింది. ఇరవై ముఖాల పాచిక మీద వరసగా రెండు ఇరవైలు పడే అవకాశం 400లో 1. అంత అరుదైనది పడినప్పుడు అందరూ చూడాలి కదా!

అలాగని కొత్త పాత్రలను మొదటి రోజే చంపుకోవాలని కాదు. చేయదలచిన సర్దుబాటంతా పాచిక వేయకముందే చేస్తున్నాను. మా మాంత్రికుడికి మొదటి స్థాయిలో 8 హిట్ పాయింట్లు, అంటే ఎంత దెబ్బ తట్టుకోగలడన్న లెక్క. మొదటి గుహలో బగ్‌బేర్ అనే బలమైన రాక్షసుణ్ణి పెడదామనుకుని లెక్క వేశాను. దాని దెబ్బ రెండు ఎనిమిది ముఖాల పాచికలు, పైన 2. సగటున 11, అంటే ఒక్క దెబ్బకే మాంత్రికుడు పడిపోతాడు. సున్నాకు చేరాక మిగిలిన దెబ్బ అతని పూర్తి పాయింట్లకు సమానమైతే అక్కడికక్కడే చావు కాబట్టి, 16 వస్తే చాలు. క్రిటికల్ పడితే పాచికలు నాలుగవుతాయి, సగటు 20. ఆ స్థానంలో గోబ్లిన్లనే చిన్న రాక్షసులను పెట్టాను. గోబ్లిన్ దెబ్బ ఒక ఆరు ముఖాల పాచిక, పైన 2. క్రిటికల్ అయినా 14 దాటదు. పూర్తి పాయింట్లతో ఉన్న మాంత్రికుడు స్పృహ తప్పవచ్చు గానీ ఒక్క దెబ్బకు చావడు. తెర వెనుక అబద్ధం చెప్పే అవసరం ఇలా శనివారం రాత్రి కాగితం మీదే తీరిపోతుంది.

శత్రువుల హిట్ పాయింట్లదీ ఇదే పద్ధతి. ఓగర్ అనే భారీ రాక్షసుడికి పుస్తకంలో 59 అని ఉన్నా అది సగటు మాత్రమే. ఏడు పది ముఖాల పాచికలు, పైన 21 అంటే 28 నుంచి 91 దాకా ఏదైనా నియమాల లోపలే. ఆటకు ముందే ఒక అంకె నిర్ణయించి చీటీ మీద రాసి, పళ్ళెం కింద బోర్లా పెడతాను. ఓగర్ చచ్చాక చంపినవాళ్ళే చీటీ తిప్పి చూస్తారు. మా వాళ్ళకు ఇది ఎంత నచ్చిందంటే ఇప్పుడు చీటీలు దాచుకుంటున్నారు.

మరో ఏర్పాటు పది రూపాయల నాణెం. ప్రతి ఆటగాడికీ ఒక్కో సాహసానికి ఒకటి. తన మీద పడిన క్రిటికల్‌ను మామూలు దెబ్బగా మార్చాలంటే నాణేన్ని పళ్ళెంలో వేయాలి. మార్గదర్శి నన్ను రహస్యంగా చేయమన్నదే ఇది. ఎప్పుడు చేయాలో ఇప్పుడు ఆటగాళ్ళే తేల్చుకుంటారు.

ఆగస్టులో ఈ పద్ధతికి అసలు పరీక్ష ఎదురైంది. మా పిన్ని కొడుకు ఆడే క్లెరిక్, అంటే దైవశక్తితో మంత్రాలు వేసే పాత్ర, ఓగర్‌కు ఎదురు నిలిచాడు. పాచిక మీద ఇరవై. నాణెం గోబ్లిన్ల గుహలోనే ఖర్చయిపోయింది. క్లెరిక్ పడిపోయాడు. పడిపోయిన పాత్ర తన వంతు వచ్చినప్పుడల్లా ఇరవై ముఖాల పాచికతో మరణ పరీక్ష ఎదుర్కోవాలి, అందులో 10 లేదా అంతకన్నా ఎక్కువ రావాలి. మూడుసార్లు తప్పితే చావే. మొదటిసారి 7, రెండోసారి 1. ఒకటి పడితే రెండు తప్పుల కింద లెక్క. దారికి అడ్డంగా ఓగర్ ఉండటంతో మిగతావాళ్ళు చేరుకోలేకపోయారు.

“అక్కా, ఇంకేమీ చేయలేమా?” అన్నాడు.

“లేదురా,” అన్నాను. చెప్పడానికి చాలా కష్టమైంది.

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత కొత్త పాత్ర కాగితం అడిగి, ఆ క్లెరిక్‌కు చెల్లెల్ని తయారు చేశాడు. మిగిలిన ముగ్గురూ ఆ ఓగర్‌ను చంపినప్పుడు “మమ్మల్ని కావాలనే గెలిపించావా?” అని ఎవరూ అడగలేదు. చీటీ తిప్పితే 64 ఉంది. ఈ హాబీలో నాకు ఇంతకన్నా మంచి సాయంత్రం లేదు.

తెర పూర్తిగా అక్కర్లేదని మాత్రం అనను. ఉచ్చు కోసం వెతికినప్పుడు తక్కువ అంకె అందరికీ కనబడితే, అక్కడ ఏదో ఉందన్న అనుమానం ఆటగాళ్ళకు వచ్చేస్తుంది. అందుకే అలాంటప్పుడు ఆటగాడు స్టీలు గ్లాసు కింద పాచిక కదిలించి, గ్లాసును అలాగే బోర్లించి ఉంచుతాడు. సంగతి తేలాక ఎత్తి చూస్తాం. ఏ దారిన వెళ్ళినా అదే ఓగర్ ఎదురయ్యేలా చేసే చిట్కాకూ మా ఆటలో చోటు లేదు. పటం ముందే గీసి, ఒక దారిలో అడుగుజాడలు, రెండో దారిలో నీటి చప్పుడు అని ఎంచుకోవడానికి ఆధారాలు ఇస్తున్నాను.

తర్వాతి సాహసంలో తెల్ల డ్రాగన్ పిల్ల ఉంది: 32 హిట్ పాయింట్లు, మంచు ఊపిరికి ఐదు ఎనిమిది ముఖాల పాచికలు. ఒకసారి ఊదాక, దాని వంతు వచ్చిన ప్రతిసారీ ఆరు ముఖాల పాచిక వేసి 5 గానీ 6 గానీ వస్తే మళ్ళీ ఊదగలదు. ఆ పాచికను ఆటగాళ్ళ చేతికే ఇద్దామనుకుంటున్నాను, వంతులవారీగా. మొదటి వంతు క్లెరిక్ చెల్లెలిదే.