ప్రెజెంట్‌ని ఎక్కడ విరవాలి?

మేముండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. రెండో క్లాసు చదివే మా అమ్మాయి మొన్న హోంవర్కు పట్టుకొచ్చి, "అమ్మా, ఈ మాటని ఎక్కడ విరవాలి?" అంది. చూస్తే ప్రెజెంట్. ఇక్కడ చిన్నపిల్లలకి చప్పట్లు కొడుతూ మాటని ముక్కలు చేయడం నేర్పిస్తారు, ఒక్కో ముక్కకి ఒక్కసారి. నేను ఆలోచించకుండా "ప్రె, జెంట్" అనేశాను.

"ఏ ప్రెజెంట్? బర్త్‌డేకి ఇచ్చేదా, క్లాసు ముందు నిలబడి చేసేదా?"

డిక్షనరీ తీశాం. బహుమతి అయితే ప్రెజ్-ఎంట్. ఊనిక, అంటే ఒత్తి పలకడం, మొదటి ముక్క మీద పడుతుంది కాబట్టి 'జ్' దానికే అతుక్కుంటుంది. సమర్పించడం అయితే ప్రి-జెంట్, ఊనిక రెండో ముక్క మీద. స్పెల్లింగ్ మాత్రం ఒక్కటే. తెలుగులో మాటని ఎక్కడ ఒత్తి పలికినా అర్థం మారదు. అందుకే ఇన్నేళ్లూ నా నోట్లో ఆ రెండూ ఒకేలా ఉండిపోయాయి.

నాకు ఈ మాట వినగానే హాజరు పట్టీ గుర్తొస్తుంది. "ప్రెజెంట్ సార్!" అని లేచి నిలబడిన పిల్లలం మేం. తన క్లాసులో "హియర్" అంటారట, ఆ అర్థం తనకి కొత్త. హాజరు, ఇప్పుడు, బహుమతి, ఇన్నీ ఒకే మాటేంటి అని అడిగింది. లాటిన్‌లో దీని మూలానికి అర్థం ఎదుట ఉండటం. మనిషి ఎదుట ఉంటే హాజరు, కాలం ఎదుట ఉంటే వర్తమానం, తెచ్చి ఎదుట పెడితే బహుమతి. ఇలా చెప్పగానే పట్టేసింది.

ఆ ఊపులో తెలుగు మాటలకీ చప్పట్లు మొదలుపెట్టాం. ఇంగ్లీషు బస్‌కి ఒక్కసారి, అమ్మమ్మ నోట పలికే 'బస్సు'కి రెండుసార్లు. అమ్మమ్మది తప్పు కాదని గట్టిగా చెప్పాను, మన మాట అచ్చుతో ముగియాలనుకుంటుంది, అంతే.

తర్వాత 'అమ్మ'. రాతలో చూస్తే అ, మ్మ. తను మాత్రం అమ్-మ అని కొట్టింది. జంట మకారంలో మొదటి సగం వెనక్కి, అకారం మీదికి వాలుతుంది. ద్విత్వానికి, అంటే ఇలాంటి జంట హల్లుకి, ముందున్న అక్షరం ఛందస్సులో గురువు (ఎక్కువసేపు పలికేది) అని బడిలో బట్టీ పట్టాను కానీ, అది ఎందుకో ఆ రోజే నా చెవికి వినపడింది.

"ఇప్పుడు అమ్మమ్మ!" అంది. అమ్-మమ్-మ. హోంవర్కు కాగితం అంచున రెండు గురువులు, ఒక లఘువు (తక్కువసేపు పలికేది) గుర్తు పెట్టి, ఛందస్సులో ఈ మూడక్షరాల వరసని తగణం అంటారని చెప్పాను.